మా గది దండోరా

ఆ అమ్మాయి ఏ విషయమైనా పాడి చెప్పేది. మాట్లాడటం రాక కాదు. మాటలతో చెబితే సరిపోతుందని ఆమెకి అనిపించేది కాదు, అంతే. "నీళ్ళొచ్చాయి" అన్న ఒక్క ముక్కకి ఒక పల్లవి, రెండు చరణాలు, మధ్యలో నోటితోనే వాయించుకునే బాజా. కాలేజీ ఆఖరి ఏడాది హాస్టల్లో నా గదిలోనే ఉండేది. అసలు పేరు రిజిస్టర్లో ఉండే ఉంటుంది. మాకు మాత్రం దండోరా.

గొంతు సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత నన్ననకండి. తుప్పు పట్టిన తలుపుకి జలుబు చేస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. శ్రుతి ఒక వీధిలో పోతుంటే ఈవిడ పక్క వీధిలోంచి చెయ్యి ఊపి పలకరించేది. తాళం మాత్రం ఎన్నడూ తప్పలేదు. ఆ తాళం బకెట్టు మీదో, పళ్ళెం మీదో, ఏదీ దొరక్కపోతే నా వీపు మీదో పడేది.

గదిలో ముగ్గురం. మూడో అమ్మాయిని పెద్దమ్మ అనేవాళ్ళం. మాకన్నా ఆరునెలలు చిన్నదే కానీ, పుట్టినప్పుడే నలభై ఏళ్ళ మనిషిలా పుట్టింది. మేం లేవకముందే లేచి మా దుప్పట్లు కూడా మడతపెట్టేది, ఒక్కోసారి మేం లోపల ఉండగానే. నేను కాస్త పాడతానని నన్ను చిలక అనేవాళ్ళు. దండోరా ఆ ఏడాదే వేరే కాలేజీ నుంచి వచ్చి చేరింది. మొదటి నాలుగు రోజులూ గోడకి ఆనుకుని కూర్చుని, అడిగినదానికి తల ఊపేది. "పాపం, నోట్లో నాలుక లేని పిల్ల" అంది పెద్దమ్మ. ఆ మాట అన్నందుకు తర్వాత ఏడాదంతా చెంపలేసుకుంది.

మా హాస్టల్ రెండు పాత భవనాలని కలిపి కట్టిన కట్టడం. కలిపినవాడెవడో కొలత తప్పాడు. అందుకని వరండా మధ్యలో, ఎవరూ ఊహించని ఒక మెట్టు. చివర్లో స్నానాల గదులు, వాటి ముందు బకెట్ల వరస. కింది అంతస్తులో భోజనాల గది. అక్కడికి దిగే మెట్లలో ఒకదానికి మూతి విరిగింది. వరండా మొత్తానికి ఒకటే బల్బు. అది వెలుగుతోందో లేదో దానికే అనుమానం.

ఆ మొదటి వారం చివర్లో, ఓ సాయంత్రం భోజనానికి దిగుతుంటే, మా వెనకాల నుంచి ఉన్నట్టుండి ఒక కేక లేచింది. పిల్లి తోక ఎవరో తొక్కారనుకున్నాం. కాదు, పాట.

"మెట్టూ మెట్టూ ముసలి మెట్టూ
మూతి విరిగిన ముసలి మెట్టూ
గోడ పట్టీ దిగవే పిల్లా
గొప్పకి పోతే గోవిందే!"

పెద్దమ్మ గుండె పట్టుకుంది. "ఏమైందే నీకు?"

"ఏమీ కాలేదు. పాడబుద్ధేసింది" అంది దండోరా, తల వంచుకుని.

అదిగో, ఆ వేసిన బుద్ధి మళ్ళీ దిగలేదు.

ఆ రోజు నుంచి మా అంతస్తులో ఏం జరిగినా పాటే. సబ్బు అరిగిపోతే సబ్బుకి వీడ్కోలు పాట. ఎవరి తువ్వాలైనా కింద పడితే "పడ్డదే పచ్చ తువ్వాల, పాపం గుమ్మం అడ్డంగా" అని విషాదగీతం. కుర్చీ జరిపితే కుర్చీ మీద, తలుపు సగం తెరిచి ఉంటే తలుపు మీద. ఒకసారి స్నానాల గది ముందు ఒలికిన నీళ్ళ మీద ఎంత పెద్ద పాట కట్టిందంటే, అది పూర్తయ్యేసరికి ఆ నీళ్ళు ఆరిపోయాయి.

ఓ ఉదయం వార్డెన్ మేడమ్ పైకొచ్చారు. ఆవిడ నడక వింటేనే మాకు చేసిన తప్పులు గుర్తొచ్చేవి.

"ఏమిటీ గోల?"

"నీళ్ళొచ్చాయని అందరికీ చెబుతున్నాను మేడమ్."

"అయితే ఆ ముక్క చెప్పొచ్చుగా!"

"చెప్పాను మేడమ్. రెండో చరణంలో."

మేడమ్ ఆమె వంక ఎగాదిగా చూసి, "తలుపులు వేసుకుని పాడు" అని వెళ్ళిపోయారు. పోతూ పోతూ వరండా మధ్య మెట్టు దగ్గర ఆవిడ పెదాలు కదలడం నేను చూశాను. "మెట్టూ మెట్టూ..." అనుకుంటున్నారు. నేను ప్రమాణం చేసి చెబుతాను కానీ పెద్దమ్మ నమ్మలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు రేచీకటి. పగలు సూదిలో దారం ఎక్కిస్తాను. పొద్దు వాలిందంటే మాత్రం మనుషులు నీడలవుతారు, నీడలు గోడలవుతాయి. మసక బల్బు నా కళ్ళకి ఒక పసుపు మరక, అంతే. చీకట్లో దేన్నో ఒకదాన్ని గుద్దుకుంటుంటే ఇంట్లో నన్ను కాళ్ళు నిలవని తొందరమనిషి అనుకునేవాళ్ళు. అంతకు ముందు రెండేళ్ళూ పిన్ని వాళ్ళింట్లో ఉండి చదివాను, సాయంత్రం గుమ్మం దాటే పని పడలేదు. హాస్టల్ కొచ్చాక ప్రాణం మీదికొచ్చింది. ఎవరికైనా చెబితే ఇంటికి తెలుస్తుంది. తెలిస్తే "చదివి చదివి కళ్ళు పోగొట్టుకుంది" అని పుస్తకాలతో సహా వెనక్కి తీసుకుపోతారని నా భయం. అందుకే సాయంత్రమైతే తలనొప్పి అనేదాన్ని. తప్పనిసరిగా కదలాల్సొస్తే ప్రేమ పొంగుకొచ్చినట్టు పెద్దమ్మ భుజం మీద చెయ్యి వేసేదాన్ని. "ఎంత ప్రేమే నీకు నామీద!" అని ఆ పిచ్చితల్లి మురిసిపోయేది.

దండోరా పాటలు మొదలయ్యాక నా తలనొప్పులు తగ్గాయి. ఆమె ఎటూ అన్నిటి మీదా పాడుతోంది. మెట్టెక్కడో, బకెట్టెక్కడో, ఎవరు ఎదురొస్తున్నారో వినబడిపోతోంది. మిగతావాళ్ళు చెవులు మూసుకుంటుంటే నేను రిక్కించేదాన్ని. ఇలాంటి పిచ్చిది నా గదికే రావడం ఎంత అదృష్టం అని లోలోపల అనుకునేదాన్ని. అదృష్టం అనుకున్నానండీ, నా తెలివికి!

ఓ ఆదివారం పెద్దమ్మ ఆమెని కూర్చోబెట్టి చేతులు జోడించింది. "తల్లీ, ఈ ఒక్క రోజు మామూలు మనిషిలా మాట్లాడవే. నీకు పుణ్యముంటుంది."

"సరే" అంది దండోరా.

నిజంగానే ఆ పగలంతా మామూలుగా మాట్లాడింది. మాకే ఏదోలా ఉంది, గడియారం ఆగిన ఇంట్లో ఉన్నట్టు. సాయంత్రం భోజనానికి బయల్దేరాం. పెద్దమ్మ ముందు పోయింది. వరండా మధ్యకి వచ్చేసరికి దండోరా ముఖం కందగడ్డలా అయిందట, ఊపిరి బిగబట్టిందట, పక్కగదివాళ్ళు తర్వాత చెప్పారు. నాకు తెలిసింది మాత్రం ఒకటే. నా చెవి పక్కన బాంబు పేలింది.

"వచ్చే వచ్చే వరండా మెట్టూ
వద్దన్నా అది ఉన్న మెట్టూ!"

"సాయంత్రం దాకా ఆపావు కదే! ఇంకో గంట ఆగలేకపోయావా?" అని పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఎంత బిగబట్టినా ఆగలేదు, ఏం చెయ్యను!" అంది దండోరా దీనంగా. ఇది జబ్బేనని, మందు లేదని తేల్చేశాం.

ఆ ఏడాది ఎంత బాగుండేదో! సెలవు రోజుల్లో డాబా మీద బట్టలుతికేవాళ్ళం. పెద్దమ్మ ఉతికేది, నేను జాడించేదాన్ని, దండోరా ఆరేస్తూ ఏ బట్ట ఎవరిదో పాటలో ప్రకటించేది. ఎవరి సాక్సుకి ఎన్ని చిల్లులో ఊరంతటికీ తెలిసేది. వాన మొదలైతే ముగ్గురం తడిబట్టలన్నీ నెత్తిన వేసుకుని మెట్ల గదిలోకి దూరేవాళ్ళం. అక్కడ ఇరుకులో, తడి గుడ్డల వాసనలో, నేను ఓ నిజమైన పాట ఎత్తుకునేదాన్ని. పెద్దమ్మ కళ్ళు మూసుకునేది. దండోరా మాత్రం అప్పుడు పాడేది కాదు. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి వినేది. "ఇంకోటి" అనేది. వాన తగ్గిపోయినా "ఇంకోటి" అనేది. ఆ మెట్ల గది నాకిప్పటికీ కలలోకొస్తుంది. కలలో ఎప్పుడూ వాన పడుతూనే ఉంటుంది, ఎవరూ కిందికి దిగరు.

వార్షికోత్సవం వచ్చింది. కాలేజీల మధ్య బృందగానం పోటీ. మా మ్యూజిక్ మేడమ్ నన్ను ముఖ్యగాయనిగా తీసుకున్నారు. ఆ మర్నాడే దండోరా ఆవిడ ముందు నిలబడింది.

"నన్ను కూడా తీసుకోండి మేడమ్."

"ఏదీ, ఒక్క స్వరం పలుకు."

పలికింది. మేడమ్ కుర్చీలో వెనక్కి వాలారు. "అమ్మాయ్, ఇది ఏ రాగం?"

"ఏది దొరికితే అది మేడమ్."

వద్దంటే వద్దన్నారు. దండోరా మూడు రోజులు ఆవిడ వెనకే తిరిగింది. చివరికి మేడమ్ విసిగిపోయి, "సరే, చివర్లో నిలబడు. పెదాలు మాత్రమే కదుపు. శబ్దం వచ్చిందో, నేనూరుకోను" అన్నారు. పాట మీద ఇంత పిచ్చేమిటే అని మేం ఎగతాళి చేశాం. ఆమె నవ్వింది.

మేడమ్ కో గొప్ప ఆలోచన వచ్చింది. రెండో చరణానికి ముందు వేదిక మీద దీపాలన్నీ ఆరిపోవాలి. ముందు మధ్యలో ఒకే ఒక్క దీపం వెలగాలి. నేను వెనక వరసలోంచి నడిచి వచ్చి ఆ వెలుగులో నిలబడి చరణం ఎత్తుకోవాలి. సాధనంతా పట్టపగలు, కిటికీలన్నీ తీసిన హాల్లో. చీకట్లో నడవలేనని నేను నోరు విప్పి చెప్పలేదు. దారి కాళ్ళకి కంఠతా పట్టించాను. నా ముందు అడ్డేమీ లేకపోతే పోగలను అనుకున్నాను.

పోటీ సాయంత్రం హాలు కిటకిటలాడుతోంది. మా పాట బ్రహ్మాండంగా మొదలైంది. మొదటి చరణం అయింది. దీపాలు ఆరాయి. ముందు వెలుగు చుక్క కనిపిస్తోంది. దానికీ నాకూ మధ్య ఏముందో నాకేమీ తెలియదు. ఒక్క అడుగు వేశాను. కాలికి ఏదో తగిలింది. సాధన రోజుల్లో అక్కడేమీ లేదు. ఇటు జరుగుదామంటే వేదిక అంచు ఎక్కడుందో గుర్తు రాలేదు.  బృందం తెచ్చిపెట్టుకున్న ఓపికతో రాగం సాగదీస్తోంది. మేడమ్ పక్కనుంచి "నడువు, నడువు" అని గుసగుసలాడుతున్నారు.

అప్పుడు లేచింది, వరస చివర్నుంచి, తుప్పు తలుపు గొంతు. మైకులో. ఆ వెయ్యి మంది మధ్యలో.

"ఎడమకి రావే చిలకమ్మా
ఎదురుగ వైరు ఉందమ్మా
కాలెత్తి దాటవె మెల్లంగా
అంచుంది కుడికి, అటు పోకే!"

 హాలంతా నవ్వు. పైకప్పు లేచిపోయే నవ్వు. మా బృందంలో సగం మంది పాట మర్చిపోయి నవ్వుతున్నారు, సగం మంది ఏడుపు ముఖం పెట్టారు. నేను ఎడమకి జరిగాను, కాలెత్తాను, వైరు దాటాను. వెలుగులోకి వచ్చి చరణం ఎత్తుకున్నాను. ఎలా పాడానో నాకు తెలియదు. బహుమతి వేరే కాలేజీకి పోయింది.

వేదిక వెనక మేడమ్ నిప్పులు కక్కుతున్నారు. "పెదాలు మాత్రమే కదపమన్నానా, లేదా?"

"కదిపాను మేడమ్. శబ్దం దానంతటదే వచ్చేసింది."

"సాహిత్యం ఏమిటది? వైరేమిటి? అంచేమిటి?"

"అసలుది మర్చిపోయాను మేడమ్. నోటికొచ్చింది పాడేశాను."

"నువ్వు మళ్ళీ నా మ్యూజిక్ రూము గడప తొక్కావంటే చూడు!"

నేను ముందుకు రాబోయాను. దండోరా నా చెయ్యి గట్టిగా గిల్లింది. ఆ గిల్లుడుతో నాకంతా అర్థమైంది. అందరూ వెళ్ళాక, పేర్చిన కుర్చీల పక్కన ఆమెని ఆపాను.

"నీకు తెలుసు కదూ?"

"ఏం తెలుసు?"

"నాకు కనిపించదని."

 "చేరిన వారంలోనే తెలిసింది. సాయంత్రం వరండాలో స్తంభానికి గుద్దుకుని 'సారీ అండీ' అన్నావు. నేను వెనకే ఉన్నాను. పోనీ సరదాకి అన్నావనుకుందామంటే, అది పలకలేదని 'ఏం మనుషులో!' అని కూడా అన్నావు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "మరి నన్నడగొచ్చుగా?"

"నువ్వు దాచుకున్నావు. దాచుకున్నదాన్ని పట్టుకుని అడిగితే ఏం బాగుంటుంది? అడక్కుండా వదిలేస్తే పళ్ళు రాలగొట్టుకుంటావు. 'అక్కడ మెట్టుంది' అని రోజూ చెబితే నీకు తెలిసిపోతుంది. పాడాననుకో, పిచ్చిది పాడుకుంటోందని ఊరుకుంటావు."

"మరి పగలెందుకే పాడటం? సబ్బుల మీదా, సాక్సుల మీదా?"

"సాయంత్రాలే పాడితే అనుమానం రాదూ? ఆ పగటి పాటలన్నీ నీ మూలంగా నాకు పడ్డ అదనపు చాకిరీ!"

మర్నాడు నేనే మేడమ్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ వాయిస్తున్న హార్మోనియం మూసేశారు. తర్వాత దండోరాని పిలిపించారు. "ఇక నుంచి నువ్వు ఎక్కడైనా పాడుకోవచ్చు. శ్రుతి సంగతి మాత్రం నన్నడక్కు" అన్నారు. కంటి డాక్టరు దగ్గరికి నన్ను ఆవిడే తీసుకెళ్ళారు. పుట్టుకతో వచ్చింది, పెరగదు, తరగదు, చదువుకీ దీనికీ సంబంధం లేదు అన్నాడాయన. నాన్న పరిగెత్తుకుంటూ వచ్చి, విని, "ఇంతేనా! మా అమ్మకీ ఇదే. చీకటి పడితే కుర్చీలోంచి కదిలేది కాదు. బద్ధకం అనుకునేవాళ్ళం" అన్నాడు. నేను ఏడాదంతా మోసిన భయం ఆ ఒక్క ముక్కతో గాలికి పోయింది. పెద్దమ్మ మాత్రం ఓ వారం నాతో మాట్లాడలేదు. నేను భుజం మీద చెయ్యి వేసింది ప్రేమతో కాదని.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి మూలా దీపమే. సాయంత్రం బయటికి వెళ్తే మా ఆయన చెయ్యి పట్టుకుని "మెట్టు" అంటారు. సరిగ్గా మెట్టు దగ్గరే అంటారు, పాపం, ఎన్నడూ తప్పలేదు. కానీ రాగం లేదు. చరణం అసలే లేదు. దండోరా ఎక్కడో ఓడరేవులో ఉంటోంది. వచ్చే ఓడలకీ పోయే ఓడలకీ దారి చెప్పే ఉద్యోగం. పాడి చెబుతోందో లేదో నాకు తెలియదు. ఇంతవరకూ ఏ ఓడా ఫిర్యాదు చెయ్యలేదట. ఫోను చేసినప్పుడల్లా గంటసేపు మాట్లాడుకుంటాం. పెట్టేశాక నాకు ఆ మసక వరండా కావాలనిపిస్తుంది. ఏమీ కనిపించని ఆ వరండా మీద అంత బెంగ ఎందుకో!

హాస్టల్ వదిలే రోజు సాయంత్రం దండోరాని తీసుకెళ్ళడానికి వాళ్ళమ్మగారు వచ్చారు. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. మా మంచం అంచున కూర్చున్నారు. పెద్దమ్మ ఫిర్యాదు మొదలుపెట్టింది.

"ఏడాదంతా మీ అమ్మాయి పాటలతో మా చెవులు చిల్లులు పడ్డాయి ఆంటీ."

"ఎవరి పాటలమ్మా?"

"ఇదిగో, దీనివే!"

ఆవిడ నవ్వేశారు. "ఇంకెవరినో అనుకుంటున్నావమ్మా. ఇది పాడటమేమిటి? చిన్నప్పుడు బళ్ళో ఓ పాట పాడమంటే బల్ల కింద దూరి, బడి వదిలిందాకా బయటికి రాలేదు. నా గొంతు బాగోదు, అందరూ నవ్వుతారు అని ఒకటే సిగ్గు. ఇంట్లో కూనిరాగం తియ్యడం కూడా మేమెవరం వినలేదు."

 పెద్దమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. నేను దండోరా వంక చూశాను. ఆమె చెవులదాకా ఎర్రబడి, "అమ్మా, టాక్సీ వచ్చింది, పద పద" అని ట్రంకుపెట్టె ఒక కొస పట్టుకుంది.

రెండో కొస పెద్దమ్మ పట్టుకుంది. అమ్మగారు సంచి తీసుకున్నారు. నేను దిండు పట్టుకుని వెనకాల బయల్దేరాను. గేటు దగ్గర ఆ వేళే ఏదో పైపు కోసం గోతి తవ్వారు, మీద ఒక చెక్క వేశారు. వాళ్ళు ముగ్గురూ దాటారు. అప్పటికే చీకట్లు కమ్మాయి. నేను ఇవతలే నిలబడిపోయాను.

అవతల నుంచి చప్పుడు లేదు. అమ్మ ముందు ఆమె ఎలా పాడుతుంది? నేనే పెద్దమ్మని పిలుద్దామనుకుంటుండగా, గొంతు సవరించుకోవడం వినిపించింది.

"చెక్క ఉందే చిలకమ్మా
గోతి మీద చెక్క ఉందే
ఊగుతుందే, ఉలిక్కిపడకే
మధ్యలోంచి మెల్లగ రావే!"

గొంతు ఎప్పటికన్నా ఘోరంగా ఉంది. భయంతో వణుకుతోంది కూడా. నేను చెక్క మీద కాలు పెట్టాను. అవతల టాక్సీవాడికి తొందరగా ఉన్నట్టుంది, ఇంజను గుర్రుమనిపిస్తున్నాడు, ఆ చప్పుడులో చివరి ముక్కలు కొట్టుకుపోతున్నాయి.

అమ్మగారి గొంతు వినిపించింది. అంత మెత్తటి మనిషి ఆ మాట ఎంత గట్టిగా అన్నారో!

"బాబూ, ఆ ఇంజను కాస్త ఆపు. మా అమ్మాయి పాడుతోంది."